పదకొండో బ్యాచ్ ఎవరిది

బత్తిని దామోదర్‌కి శశికాంత్ ఇంటి గరాజ్ కోడ్ తెలుసు. ఆ ఇంటి ముందు తలుపుకి కాలింగ్ బెల్లు ఏ పక్కనుందో మాత్రం తెలియదు. రెండేళ్లుగా ప్రతి శనివారం పొద్దున అరోరాలోని తన అపార్ట్‌మెంట్ నుంచి పన్నెండు నిమిషాలు డ్రైవ్ చేసుకుని పక్క ఊరు నేపర్‌విల్ వెళ్తాడు. మూడు కార్లు పట్టే గరాజ్ ముందు ఆగి నాలుగంకెలు నొక్కుతాడు. తలుపు పూర్తిగా పైకి లేచేదాకా ఆగే ఓపిక లేక వంగి లోపలికి దూరతాడు. పని చేసుకుంటాడు. అదే తలుపులోంచి బయటికొచ్చేస్తాడు.

ఇందులో తేడా ఏదో ఉందని మొదట అన్నది అతని భార్య రిషిత. ఆమెది వరంగల్, హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం, శని ఆదివారాలే డ్యూటీ. ఒకరోజు షూ లేసులు కట్టుకుంటూ, తల ఎత్తకుండానే అడిగింది.

"రెండేండ్లసంది పోతున్నవ్ గదా, ఆ ఇంట్ల సోఫా ఏ రంగుదో నీకెర్కనా?"

నేను సోఫా కోసం పోతున్ననా అని దామోదర్ మనసులో విసుక్కున్నాడు. వెళ్లేది బీరు కోసం.

అది మామూలు బీరు కాదు. వియన్నా లాగర్ అని, ఆస్ట్రియా వాళ్లు ఎప్పటినుంచో చేసే రకం. తోమిన రాగిచెంబు రంగులో ఉంటుంది. కాల్చిన రొట్టె అంచు వాసన వస్తుంది. చేదు ఉండీ లేనట్టు ఉండాలి. మింగాక నోట్లో తీపి మిగిలితే అది తప్పు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని, అంటే మాల్ట్‌ని, వేడినీళ్లలో గంటసేపు నానబెట్టి, ఆ తియ్యటి నీళ్లు వడకట్టి, చేదు కోసం హాప్స్ అనే పూలు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపి యాభై డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర రెండు వారాలు పులియనివ్వాలి. ఆ తర్వాత నీళ్లు గడ్డకట్టడానికి సరిగ్గా రెండు డిగ్రీలు ఇవతల ఆపి, రెండు నెలలు కదపకుండా ఉంచాలి. దీనికి కావలసింది ఓపికేనని పుస్తకాల్లో రాస్తారు. ఆ రాసినవాళ్లు ఎప్పుడూ కెగ్గు అనే స్టీలు పీపాలో మోచేతి దాకా చెయ్యిపెట్టి తోమినట్టు లేరు. ఈ పనిలో ముప్పావు వంతు కడగడమే. గొట్టాలు కడగాలి, కుళాయి విప్పి కడగాలి, కడిగిన బ్రష్షుని మళ్లీ కడగాలి. ఎక్కడ మురికి మిగిలినా రెండు నెలల తర్వాత అది నాలుక మీదికొచ్చి చెబుతుంది.

ఆ కడగడం దామోదర్‌కి చిన్నప్పుడే వచ్చు. రామన్నపేట దగ్గర వాళ్ల ఊళ్లో నాయిన కల్లు గీసేవాడు. నాయిన చెట్టెక్కడం దామోదర్‌కి నేర్పలేదు, నేర్చుకుంటానంటే కొట్టేవాడు కూడా. లొట్టి కడగడం మాత్రం నేర్పాడు. కల్లు పట్టే ఆ కుండను రోజూ కడిగి, ఎండబెట్టి, మూతి దగ్గర ముక్కుపెట్టి వాసన చూడాలి. నిన్నటి వాసన ఉంటే మళ్లీ కడగాలి. పొద్దున తియ్యగా దిగిన కల్లు మధ్యాహ్నానికి పులిసి, సాయంత్రానికి ఘాటెక్కి, మర్నాటికి పనికిరాకుండా పోయేది. ఒక్క రోజులో పుట్టి చచ్చిపోయే సరుకు చూస్తూ పెరిగినవాడికి, రెండు నెలలు ఆగే సరుకు ఒకటుందని తెలిసినప్పుడు పిచ్చెక్కింది. ఎమ్మెస్ కోసం మిస్సోరీ వచ్చిన కొత్తలో ఎవరో చేతికిచ్చిన గ్లాసులో మొదటిసారి ఆ రాగిరంగు చూశాడు. అప్పట్నుంచి వదల్లేదు.

ఇప్పుడతనికి ముప్పై ఎనిమిది. ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. పదకొండేళ్లుగా హెచ్-వన్-బి వీసా మీదే ఉన్నాడు. గ్రీన్‌కార్డు లైను కదలదు, దాని గురించి మాట్లాడటం కూడా మానేశాడు. ఆ ఉద్యోగంలో ఇతరుల తప్పులు పట్టుకోవాలి. పట్టుకున్నవాడి పేరు ఎక్కడా ఉండదు. కోడ్ రాసినవాడికి క్రెడిట్, అమ్మినవాడికి బోనస్. టెస్టర్‌కి శుక్రవారం సాయంత్రం ఒక థాంక్యూ మెయిలు, అదీ టీం మొత్తానికి కలిపి.

పేరు సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. ఇంటర్ కాలేజీ అప్లికేషన్‌లో దామోదర్ తన పేరు చివరి 'గౌడ్' తీసేశాడు. ఎవరూ తీయమనలేదు. పదో తరగతిలో వెనక బెంచీవాళ్లు "ఏం కల్లూ, ఇయ్యాల లొట్టి తేలేదా" అని పిలిచేవాళ్లు. పట్నంలో ఆ పిలుపు వినపడకూడదనుకున్నాడు, పెన్ను తనే పట్టుకున్నాడు, రాయకుండా వదిలేశాడు. ఆ తర్వాత పాస్‌పోర్టులో, వీసాలో, కంపెనీ బ్యాడ్జీ మీద అన్నింటా వట్టి బత్తిని దామోదరే. నాయిన దాని గురించి ఒక్క మాటా అనలేదు. అనివుంటే బాగుండేదని దామోదర్‌కి ఇప్పటికీ ఉంటుంది.

శశికాంత్ అదే కంపెనీలో మేనేజర్. విజయవాడ మనిషి, దామోదర్ కంటే మూడేళ్లు పెద్ద, నోరారా నవ్వుతాడు. లంచ్ రూమ్‌లో ఒకసారి దామోదర్ తన అపార్ట్‌మెంట్ కష్టం చెప్పుకున్నాడు. మూడో అంతస్తు, ఎలక్ట్రిక్ పొయ్యి మీద ఇరవై లీటర్లు మరగడానికి పూట పడుతుంది, పొగమంటలు లేకపోయినా ఫైర్ అలారం మోగుతుంది, ఫ్రిజ్ పెట్టే చోటు లేదు. శశికాంత్ వెంటనే, మా గరాజ్‌లో పాత ఫ్రిజ్ ఊరికే పడుంది, వచ్చి చేసుకో మావా, అన్నాడు. నిజంగా మంచి మనసుతోనే అన్నాడు. చెడ్డవాడైతే దామోదర్ నెలలో కనిపెట్టి తప్పుకునేవాడు, తప్పులు పట్టడం అతని వృత్తి. మంచివాడు కావడం వల్లే రెండేళ్లు పట్టింది.

ఫ్రిజ్, గరాజ్ శశికాంత్‌వి. కెగ్గు, మరిగించే పాత్ర, గొట్టాలు, కంట్రోలర్ డబ్బా దామోదర్‌వి. ఆ డబ్బా బీరు ఎంత చల్లగా ఉందో చూస్తూ, వేడెక్కితే ఫ్రిజ్‌ని, మరీ చల్లబడితే కెగ్గుకి చుట్టిన, కరెంటుతో వేడెక్కే హీట్ బెల్ట్‌ని ఆన్ చేస్తుంది. వేసవిలో ఫ్రిజ్ కావాలి. ఇల్లినాయ్ చలికాలంలో గరాజే ఫ్రీజర్ అయిపోతుంది, అప్పుడు బెల్టే దిక్కు.

మొదటి మూడు బ్యాచ్‌లు పారబోశాడు. ఏడోదానికి వెన్న వాసనొచ్చింది. లాగర్‌లో అది పెద్ద తప్పు, ఈస్ట్ పని ముగించక ముందే చల్లబరిస్తే వస్తుంది. శశికాంత్ ఫ్రెండ్స్ మాత్రం నెయ్యి వాసన అదిరింది బాబాయ్ అని ఖాళీ చేసేశారు. దామోదర్‌కి ఒళ్లు మండింది. తప్పుని మెచ్చుకునేవాడు ఒప్పుని ఎప్పటికి గుర్తుపట్టాలి?

శశికాంత్ పార్టీలు ఎండాకాలం ఇంటి వెనక చెక్క డెక్ మీద, చలికాలం గరాజ్‌లో హీటర్ పెట్టుకుని. కుళాయి దగ్గర దామోదర్ నిలబడి గ్లాసులు నింపేవాడు, నురుగు రెండు వేళ్ల మందం రావాలంటే గ్లాసు ఎంత వంచాలో అతనికే తెలుసు కాబట్టి. శశికాంత్ గ్లాసు దీపానికి ఎత్తి రంగు చూపించేవాడు. మొదటి ఏడాది 'మన బీరు' అనేవాడు. తర్వాత 'మా గరాజ్ బీరు' అయింది. పోయిన వేసవిలో ఎవరికో ఫోన్‌లో 'నా వియన్నా' అంటుంటే దామోదర్ విన్నాడు. విని కూడా గ్లాసు నింపాడు. నాయిన కల్లు గీసిన సంగతి కెగ్గు తోముతూ ఎప్పుడో దామోదరే శశికాంత్‌కి చెప్పుకున్నాడు. ఒకసారి ఎవరో, ఇంత బాగా ఎలా కుదిరింది అని అడిగారు. శశికాంత్ దామోదర్ భుజం మీద చెయ్యివేసి, మావాడి బ్లడ్‌లోనే ఉంది బాబాయ్ ఇది, అన్నాడు. అందరూ నవ్వారు. దామోదర్ కూడా నవ్వాడు. ఆ నవ్వు తర్వాత చాలా రోజులు అతని పళ్ల మధ్య ఇరుక్కునే ఉంది.

పదో బ్యాచ్ సీసా ఒకటి ఊళ్లో ఇంటి దగ్గర బీరు చేసుకునేవాళ్ల హోమ్‌బ్రూ క్లబ్‌కి తీసుకెళ్లాడు. అక్కడ గ్యారీ అని ఒక ముసలాయన ఉన్నాడు. నలభై ఏళ్లుగా పోటీల్లో జడ్జి. ఆయన ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని, రెండో గుక్క తాగి, మింగాక తీపి మిగలకుండా ముగింపు ఇంకాస్త పొడిగా ఉండాలి, వచ్చే బ్యాచ్ పోటీకి పంపు అన్నాడు. అంతే. దామోదర్ కారులో కూర్చుని పది నిమిషాలు స్టార్ట్ చేయలేదు.

నవంబర్ చివర థాంక్స్ గివింగ్ సెలవుల్లో పదకొండో బ్యాచ్ చేశాడు. ఫిబ్రవరి మధ్యలో ఒక ఆదివారం సాయంత్రం నాలుగు లోపల పోటీకి ఆరు సీసాలు అందజేయాలి. రిజిస్ట్రేషన్ నేను చేస్తాలే, ఆ సైట్‌లో నాకు అకౌంట్ ఉంది అన్నాడు శశికాంత్. సరేనన్న దామోదర్, ఆ సాయంత్రం చాలాసేపు ఫోన్ పట్టుకుని కూర్చుని, ఒక మెసేజ్ పంపాడు. అందులో పేరు ఒక్కటే ఉంది, ఇంగ్లీషు స్పెల్లింగ్‌తో సహా: బత్తిని దామోదర్ గౌడ్. ఇరవై రెండేళ్ల తర్వాత ఆ మూడో మాట తన చేత్తో రాశాడు. అటునుంచి బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చింది.

ఆ ఆదివారానికి ముందు రోజు పొద్దున ఖాళీ సీసాల డబ్బా తీసుకుని వెళ్లాడు. బుధవారం నుంచి మైనస్ పది ఫారెన్‌హీట్‌లో ఉంది వాతావరణం, స్కూళ్లు కూడా మూసేశారు. గరాజ్‌లో ఊపిరి పొగలా కనపడుతోంది. శశికాంత్ ఆఫీసు పని మీద టెక్సాస్‌లోని ఇర్వింగ్ వెళ్లాడు, మధ్యాహ్నానికి వస్తాడు. దామోదర్ ఫ్రిజ్ తెరిచి కెగ్గు మీద చెయ్యివేశాడు. వేళ్లు అంటుకున్నాయి. కెగ్గుని కాస్త ఊపాడు. లోపల బీరు కదిలిన చప్పుడు లేదు, ఏదో గట్టిది గోడకి తగిలి దబ్బుమంది. కుళాయి తిప్పితే చుక్క రాలేదు.

కంట్రోలర్ డబ్బా మీద ఎర్రంకెలు పంతొమ్మిది ఫారెన్‌హీట్ చూపిస్తున్నాయి, నీళ్లు ముప్పై రెండుకే గడ్డకడతాయి. వేడి కావాలని లైటు వెలుగుతూనే ఉంది. వేడి ఇవ్వాల్సిన బెల్టు లేదు. ప్లగ్గు తీసిన ఖాళీ బొక్క మాత్రం ఉంది.

అతను కింద వెతికాడు, అటక మీద వెతికాడు, కార్ల వెనక వెతికాడు. ఎక్కడా లేదు. గరాజ్ లోంచి వంటింట్లోకి తలుపుంది. రెండేళ్లలో ఎప్పుడూ దాటని ఆ తలుపు తట్టి, షూస్ విప్పి, లోపలికి అడుగుపెట్టాడు.

పొయ్యి దగ్గర శశికాంత్ అత్తగారు నాగమల్లేశ్వరి దోసెలు పోస్తోంది. తెనాలి నుంచి నవంబర్‌లో వచ్చింది. వంటింటి కిటికీ అద్దంలోంచి రెండు మూడుసార్లు చూశాడు కానీ మాట్లాడలేదు. కౌంటర్ మీద పెద్ద స్టీలు గిన్నె, దాని నడుముకి వడ్డాణంలా అతని హీట్ బెల్టు. పిండి మూతని ఎత్తేసి పొంగింది.

నమస్తే ఆంటీ, ఈ బెల్టు గరాజ్‌లది అన్నాడు. ఆవిడ సంతోషంగా ఒప్పుకుంది. ఈ దేశమొచ్చి మూడు నెలలైంది, ఒక్క రోజు పిండి పులిసిన పాపాన పోలేదు, ఓవెన్‌లో పెట్టినా లాభం లేకపోయింది. బుధవారం పాల కోసం గరాజ్ ఫ్రిజ్ తెరిస్తే ఈ పట్టీ కనపడింది.

"చలి పెట్టెలో వేడి పట్టీ ఏంటి, ఎవరో మర్చిపోయుంటారులే అనుకున్నాను బాబూ. చూడు, ఎలా పొంగిందో."

దామోదర్‌కి కోపం రావాలి. ఈవిడ మీద రాలేదు. ఆవిడ ఆలోచనలో తప్పు లేదు. ఫ్రిజ్‌లో హీటర్ ఎందుకుంటుందని ఎవరూ ఆవిడకి చెప్పలేదు. చెప్పాల్సినవాడికి తెలుసో లేదో కూడా అనుమానమే. ఆవిడ ఒక దోసె తీసి పేపర్ ప్లేట్లో పెట్టి చేతికిచ్చింది. ఈ దేశంలో ఎవరికిచ్చినా పేపర్ ప్లేటే. అవమానమో కాదో తేల్చుకునే వీలు కూడా లేదు.

"పాపం, వారం వారం ఈ చలిలో వచ్చి కడిగిపోతావు. అమ్మాయిని అడిగితే, శనివారాలొచ్చి అన్నీ శుభ్రం చేసిపోతాడమ్మా అంది. ఇంకా ఎన్నిళ్లు చేస్తున్నావు?"

దామోదర్ చేతిలో ప్లేటు అలాగే ఉంది. ఇళ్లు చేయడం లేదాంటీ, నేను శశన్న ఆఫీసుల పని చేస్త, ఆ బీరు చేసేది నేనే, అన్నాడు. ఆవిడ దోసె తిరగేస్తూ ఆశ్చర్యపోయింది. అల్లుడే చేస్తాడని కదా అందరూ అంటున్నారు, మొన్న వీడియో కాల్‌లో మా మరిది వాళ్లకి ఆ పీపా, ఆ కుళాయి అన్నీ చూపించి ఎలా చేస్తాడో చెప్పాడు కూడా. తర్వాత, మాటలో మాటగా, ఏ కల్మషమూ లేకుండా, మీరేవిట్లు బాబూ అని అడిగింది.

కులం అడిగే ఈ ప్రశ్న దామోదర్‌కి కొత్త కాదు. అమెరికాలో అడిగేవాళ్లు చుట్టూ తిప్పి అడుగుతారు, ఏ ఊరు, ఇంటిపేరేంటి, తినేది ఏంటి అని. అతను చుట్టూ తిప్పి చెప్పేవాడు: నల్గొండ, హైదరాబాద్, తెలంగాణ. ఈసారి తిప్పలేదు.

"గౌడ్స్ ఆంటీ. మా నాయిన కల్లు గీసేటోడు."

"అదీ సంగతి," అందావిడ, చిక్కుముడి వీడినట్టు. "అందుకే పెట్టుకున్నాడన్నమాట నిన్ను."

ప్లేటు కౌంటర్ మీద పెట్టేసి బెల్టు విప్పడానికి వంగాడు. దాన్ని తీసుకుని లేచేటప్పుడు ఎదురుగా వంటింటి ఫ్రిజ్ తలుపు మీద, వేంకటేశ్వరస్వామి మాగ్నెట్ కింద, ఒక కాగితం. పోటీ సీసాలకి కట్టాల్సిన లేబుళ్లు, ఆరూ ప్రింట్ తీసి ఉన్నాయి. రకం: వియన్నా లాగర్. చేసినవారు: శశికాంత్. సహాయకులు అన్న గడిలో 'ఎవరూ లేరు' అని ఉంది. ఖాళీగా వదిలేస్తే సరిపోయేది. దాన్ని నొక్కి, జాబితాలోంచి 'ఎవరూ లేరు' ఎంచి మరీ పెట్టాడు. టెస్టర్ కాబట్టి దామోదర్‌కి తెలుసు, అది పొరపాటున పడే అక్షరాలు కావు.

ఆ కాగితం చేత్తో పట్టుకుని గరాజ్‌లోకి వచ్చాడు. కెగ్గుని ఫ్రిజ్‌లోంచి కిందికి దించాడు. కంట్రోలర్ తీశాడు, గొట్టాలు చుట్టాడు, మరిగించే పాత్రలో బ్రష్షులు, మూతలు, వాషర్లు పోశాడు. రెండేళ్ల సామాను అరగంటలో కారులోకి చేరింది. చలికి వేళ్లు మొద్దుబారినా ఒక్క వాషర్ కూడా వదల్లేదు. కెగ్గు వెనక సీట్లో పెట్టి సీటుబెల్టు పెడుతుంటే శశికాంత్ ఎయిర్‌పోర్ట్ టాక్సీ దిగాడు, ట్రాలీ బ్యాగ్ మంచులో ఈడ్చుకుంటూ.

ఏంటి మావా, ఇల్లు ఖాళీ చేస్తున్నావా అన్నాడు నవ్వుతూ. దామోదర్ బీరు గడ్డకట్టిన సంగతి చెప్పాడు. శశికాంత్ తలపట్టుకున్నాడు, అత్తయ్యకి తెలీదురా, పోనీ ఇంకో బ్యాచ్ చేద్దాం, ఏప్రిల్‌లో ఇంకో పోటీ ఉంది, నీకెంతసేపు, నీ బ్లడ్‌లోనే ఉంది కదా అన్నాడు. దామోదర్ కాగితం అతని కళ్ల ముందు పెట్టాడు.

"నా బ్లడ్‌ల ఉంటే లేబుల్ మీద నీ పేరెందుకున్నదన్నా?"

శశికాంత్ మొహంలో నవ్వు వెంటనే పోలేదు, ఎటు పోవాలో తెలియనట్టు కాసేపు అక్కడే ఉంది. తర్వాత వీసా మాటెత్తాడు. నువ్వు హెచ్-వన్-బి మీద ఉన్నావు, పోటీలు, ప్రైజులు అంటే రేపు ఇమిగ్రేషన్‌లో ఇష్యూ అవుతుంది, నీ మంచి కోసమే నా పేరు పెట్టాను. పోటీలో ఇచ్చేది ఒక రిబ్బను. ఆ రిబ్బనుకి ఏ ఇమిగ్రేషన్ ఆఫీసరూ గేటు దగ్గర నిలబడడు. దామోదర్ ఆ మాటే అని, ఇంకొకటి అడిగాడు.

"ఎవరూ లేరు అని పెట్టినవ్ అన్నా. అది గూడ నా మంచికేనా?"

అప్పుడు శశికాంత్‌కి కూడా కోపమొచ్చింది. గొంతు పెరిగింది. గరాజ్ ఎవరిది, ఫ్రిజ్ ఎవరిది, రెండేళ్లు కరెంటు ఎవరిది, నేను చోటివ్వకపోతే నీ అపార్ట్‌మెంట్‌లో ఏం చేసేవాడివి, ఫైర్ అలారం వింటూ కూర్చునేవాడివి. అందులో అబద్ధం లేదు కాబట్టి దామోదర్‌కి ఇంకా మండింది. చోటిచ్చినవాడికి చోటు ఇచ్చినందుకు పేరు ఉండాలి, ఉంచుకోమను. సహాయకుల గడిలో శశికాంత్ తన పేరు పెట్టుకుని ఉంటే దామోదర్ సంతోషంగా దండం పెట్టేవాడు.

మీ అత్తమ్మ నన్ను ఎన్నిళ్లు చేస్తవని అడిగింది, అన్నాడు. శశికాంత్ మొహం తిప్పుకున్నాడు. ఆవిడ పాతకాలం మనిషిరా, ఆవిడ మాటలు పట్టించుకుంటావేంటి అన్నాడు. పాతకాలం మనిషికి కొత్త సంగతులు చెప్పింది ఎవరని దామోదర్ అడగలేదు. కెగ్గు కరగాలి, టైము లేదు. గరాజ్ కోడ్ మార్చుకో అన్నా అని చెప్పి కారెక్కాడు.

ఇంటికొచ్చి కెగ్గుని బాత్‌టబ్బులో నిలబెట్టి చుట్టూ చల్లనీళ్లు నింపాడు. వేడినీళ్లు పెడితే త్వరగా కరుగుతుంది కానీ బీరు ఉలిక్కిపడుతుంది. రిషిత డ్యూటీ నుంచి వచ్చేసరికి అతను టబ్బు అంచున కూర్చుని థర్మామీటర్ చూస్తున్నాడు. జరిగింది విని ఆమె యూనిఫాం కూడా మార్చుకోకుండా పక్కన కూర్చుంది. ఇప్పుడేమైతది దానికి అని అడిగింది.

రెండు దారులున్నాయని చెప్పాడు. సగం కరిగినప్పుడు మంచు వదిలేసి ద్రవం మాత్రం తీస్తే చిక్కటి, ఘాటైన బీరు వస్తుంది. తాగినవాళ్లు ఆహా అంటారు. అది వియన్నా లాగర్ కాదు, ఇంకేదో. రెండోది, మొత్తం కరగనిచ్చి మళ్లీ కలవనివ్వడం. మబ్బుగా ఉంటుంది, నురుగు నిలబడదు, రుచి పలచబడుతుంది. కానీ చేసింది చేసినట్టు ఉంటుంది. మరి ఏం చేస్తవ్ అంది రిషిత. మొత్తం కరిగేదాకా కూర్చుంట అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నానికి ఆరు సీసాలు నింపాడు. వెలుతురుకి పెట్టి చూస్తే రాగి రంగు ఉంది, దాని మీద పొగమంచు ఉంది. పదకొండు వారాల పని, పిండి గిన్నెకి చుట్టిన పట్టీ వల్ల ఇలా అయింది. అతను సీసాని గోడకేసి కొట్టాలనుకున్నాడు. కొట్టలేదు. సీసాలు తీసుకునే షాపులో గ్యారీ వలంటీరుగా కూర్చున్నాడు. రిజిస్ట్రేషన్ పేరు మార్చాలంటే చేసినవాడు సంతకం పెట్టి కొత్త ఫారం ఇస్తే చాలన్నాడు. దామోదర్ కౌంటర్ దగ్గర నిలబడి ఆరు కొత్త లేబుళ్లూ పెన్నుతో రాశాడు. మూడు మాటలు, ఆరుసార్లు. నాలుగోసారికి చెయ్యి అలవాటు పడింది. సహాయకుల గడి ఖాళీగా వదిలేశాడు. గ్యారీ ఆ పేరు చూసి, చివరి మాట ఎలా పలకాలి అని అడిగాడు. దామోదర్ పలికి చూపించాడు. గ్యారీ రెండుసార్లు తప్పు పలికి మూడోసారి దగ్గరికొచ్చాడు.

మూడు వారాల తర్వాత స్కోర్ షీటు వచ్చింది. యాభైకి ఇరవయ్యారు. జడ్జీలు ఇద్దరూ దాదాపు ఒకే మాట రాశారు: ఈస్ట్ పని శుభ్రంగా ఉంది, మాల్ట్ వాసన సరైనది, మబ్బు ఎక్కువ, నురుగు లేదు, ముగింపు నీళ్లలా ఉంది. దామోదర్ ఒక్కో గీత చదివి ఒక్కోదానికి తలూపాడు. అన్నీ నిజమే. ఒక్కటీ అన్యాయం కాదు. అందుకే ఎక్కువ మండింది. గడ్డకట్టకపోతే ముప్పై ఎనిమిది వచ్చేది, అతనికి తెలుసు, ఎవరికీ రుజువు చేయలేడు. రిషిత షీటు మీద పైన ఉన్న పేరు ఒకసారి వేలితో తడిమి, లోపలికెళ్లి టీ పెట్టింది.

టీ వచ్చేలోపే ఫోన్ మోగింది. ఆఫీసు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూప్, నలభై మంది ఉంటారు. పోటీ సంగతి ఏమైందని ఎవరో అడిగినట్టున్నారు. శశికాంత్ క్లబ్‌కి ఫోన్ చేసి గ్యారీని అడిగి మరీ సమాధానం పెట్టాడు: 'దాము బీరుకి ఇరవయ్యారే వచ్చింది గయ్స్, బ్యాడ్ లక్.' ఒక ఏడుపు బొమ్మ కూడా ఉంది.

దాము బీరు. రెండేళ్లలో శశికాంత్ నోట ఆ మాట రావడం ఇదే మొదటిసారి. రాగిరంగు తేటగా మెరుస్తూ నలభై గ్లాసులు నిండినప్పుడు ఇది మన బీరు, మా గరాజ్ బీరు, నా వియన్నా. మబ్బు పట్టి ఓడిపోయాక దాము బీరు. గ్రూపులో బెల్టు సంగతి రాద్దామనుకున్నాడు, పిండి గిన్నె ఫోటో అడుగుదామనుకున్నాడు, లేబుళ్ల కాగితం ఇంకా కారు అరలోనే ఉంది, దాన్ని ఫోటో తీసి నలభై మందికీ పెడదామనుకున్నాడు. మూడుసార్లు టైప్ చేసి మూడుసార్లు చెరిపేశాడు.

చివరికి ఒక్క వాక్యం పంపాడు: 'అవును, నాదే. పన్నెండోది వచ్చే శనివారం, ఫైర్ అలారం మోగినా సరే, మా ఇంట్లనే మొదలుపెడ్తున్న, చూడాలనుకున్నోళ్లు ముందు తలుపు నుంచి రండి.'

బ్లూ టిక్కులు పడ్డాయి. ఎవరూ ఏమీ రాయలేదు. అతను ఫోన్ మంచం మీదికి విసిరేసి, బాత్రూంలోకి వెళ్లి, కెగ్గు మూత విప్పి, లోపల ముక్కుపెట్టి వాసన చూశాడు. పాత వాసన ఉంది. చేతులు పైకి మడిచి మళ్లీ కడగడం మొదలుపెట్టాడు.